మా సెంటర్‌కి "గుర్తింపు" కావాలట, ఇది అసలు ఎవరిస్తారండీ?

మేడమీద_ఆఫీసు
వైజాగ్ వాళ్ళందరికీ నమస్తే. నేను మద్దిలపాలెం సైడ్ ఒక కౌన్సెలింగ్ సెంటర్‌లో మేనేజర్‌ని. మేనేజర్ అంటే పెద్దగా ఊహించుకోకండి, ఫోన్లెత్తేదీ నేనే, ఫైళ్ళు సర్దేదీ నేనే, ఏసీ రిపేర్ అబ్బాయిని బతిమాలుకునేదీ నేనే. ముగ్గురు థెరపిస్టులున్నారు, ఒక సైకియాట్రిస్ట్ గారు వారానికి రెండు సాయంత్రాలు వచ్చి వెళ్తారు. మా సార్ ఏదో పెద్ద హాస్పిటల్ లాబీలో ఎన్ఏబీహెచ్ (హాస్పిటళ్ళ నాణ్యత చూసి గుర్తింపిచ్చే సంస్థ) ఫ్రేమ్ చూసొచ్చారు, ఆ రోజు నుంచి "మనకీ అలాంటిదొకటి తెప్పించమ్మా" అని ఒకటే పోరు. నెట్‌లో వెతికితే "అంతర్జాతీయ థెరపీ గుర్తింపు, ఏడు రోజుల్లో" అని ఒకడు తగిలాడు, డబ్బు కడితే పీడీఎఫ్ పంపుతాడట, ఎవరూ వచ్చి చూడరట. అది మాత్రం నేనే ఆపాను. మాలాంటి చిన్న సెంటర్లకి నిజంగా వచ్చి చూసి ఇచ్చేది ఏదన్నా ఉందా? ఉంటే దానివల్ల వచ్చేవాళ్ళకి ఏమన్నా ఒరుగుతుందా, లేక ఫ్రేమ్ తగిలించే మేకు ఖర్చేనా?

గాజువాక_గాలి
ఏటండీ బాబూ, ముందు లోపల కూచున్నోడికి చదువుందో లేదో చూసే దిక్కు లేదు, ఫ్రేమ్ సంగతి తర్వాత. మా వీధిలో ఒకాయన నిన్నటిదాకా వాస్తు చెప్పేవాడు, ఇప్పుడు "సైకాలజిస్ట్ & లైఫ్ కోచ్" అని ఫ్లెక్సీ కట్టాడు. అడిగితే ఆన్‌లైన్‌లో రెండు వారాల కోర్సు చేశానన్నాడు. జనం ఎల్తున్నారు కూడా, ఫీజు కాస్త తక్కువని.

ఎంఫిల్_అయ్యాక_మిగిలింది
గాలి గారు నవ్విస్తూ చెప్పినా పాయింట్ కరెక్టే. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, ఆరిలోవ వైపు ప్రాక్టీసు. మేడం, మీరడిగినదాంట్లో మూడు వేర్వేరు విషయాలున్నాయి, అందరూ కలిపేస్తారు.

మనిషి సంగతి ఒకటి. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే 1992 చట్టం కింద ఉన్న రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుండాలి, దానికో సీఆర్ఆర్ నంబర్ ఉంటుంది, ఎవరైనా అడగొచ్చు, అడిగితే చూపించాలి. నాకు ఇన్నేళ్ళలో అడిగింది ఇద్దరు, ఇద్దరూ పోలీసు డిపార్ట్‌మెంట్ వాళ్ళే. "కౌన్సెలర్" అనే మాటకి మాత్రం ఇన్నాళ్ళూ అడ్డూ ఆపూ లేదు. 2021లో అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్ చట్టం వచ్చింది, క్లినికల్ కాని సైకాలజిస్టులు, కొన్ని రకాల కౌన్సెలర్లు అందులోకొస్తారు.

రెండోది స్థలం. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళని చేర్చుకుని ఉంచే చోట్లు రాష్ట్ర అథారిటీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. మీది వచ్చి మాట్లాడి వెళ్ళిపోయే సెంటర్ కాబట్టి ఆ సెక్షన్ మీ మీద పెద్దగా పడదు.

ఇక మూడోది పని. అంటే వచ్చినవాళ్ళకి బాగవుతోందా, ఎన్నాళ్ళు ఆగాల్సొస్తోంది, మధ్యలో మానేసినవాళ్ళు ఏమయ్యారు. దీన్ని పైన చెప్పిన రెండు రిజిస్ట్రేషన్లూ తాకను కూడా తాకవు. ఎన్ఏబీహెచ్‌కి మెయిల్ పెట్టి అడగండి, తప్పులేదు, కానీ అది హాస్పిటల్‌ని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. మందుల స్టోరేజీ, ఇన్ఫెక్షన్, ఫైర్ ఎగ్జిట్ అన్నీ చూస్తారు. మూసిన తలుపు వెనక 50 నిమిషాలు ఇద్దరు మనుషులు ఏం మాట్లాడుకున్నారు, దానివల్ల మనిషి తేలికపడ్డాడా అన్నది చూడ్డం వేరే విద్య.

వాల్తేరు_టు_లీడ్స్
ఆ వేరే విద్య గురించి నేను చెప్తాను, ఇక్కడ ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో థెరపీ టీమ్‌లో ఉన్నాను, పుట్టింది పెద వాల్తేరే, మెంటల్ హాస్పిటల్ గోడ పక్కనుంచే స్కూలుకెళ్ళేదాన్ని.

ఇంగ్లండ్‌లో 2011లో ఒకసారి, 2013లో ఇంకోసారి సైకలాజికల్ థెరపీల మీద నేషనల్ ఆడిట్ జరిగింది. దాని తర్వాత రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్, బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ కలిసి థెరపీ సర్వీసులకనే ఒక గుర్తింపు కార్యక్రమం పెట్టారు, ఏపీపీటీఎస్ అంటారు. ముందు మనల్ని మనమే చూసుకోవాలి. స్టాండర్డ్స్ ముందేసుకుని ఏది ఉంది ఏది లేదు అని నిజాయితీగా రాయాలి, థెరపిస్టుల్నీ, క్లయింట్లనీ విడివిడిగా అడగాలి, కేసు ఫైళ్ళు తీసి చూడాలి. తర్వాత వేరే ఊరి సర్వీసులో మనలాగే పనిచేసేవాళ్ళు వచ్చి ఒక రోజంతా కూచుంటారు, వాళ్ళతో పాటు ఒకప్పుడు థెరపీ తీసుకున్న మనిషి కూడా వస్తారు. వాళ్ళ రిపోర్టు కమిటీకి వెళ్తుంది. స్టాండర్డ్స్‌లో టైప్ 1 అని ఉంటాయి, అవి తప్పితే మనిషి ప్రాణానికో హక్కుకో గౌరవానికో దెబ్బ, లేదా చట్టం మీరినట్టు. అవి నూటికి నూరూ ఉండాల్సిందే, అందులో బేరం లేదు.

మా దగ్గరకి రివ్యూకి వచ్చినప్పుడు మాకు చెమట పట్టించింది డాక్టర్లు కాదు, ఆ క్లయింటావిడ. రిసెప్షన్‌లో అయిదు నిమిషాలు కూచుని లేచొచ్చి "ఇక్కడ నా పేరు మూడు సార్లు గట్టిగా వినపడింది, పక్కనున్నాయన తలెత్తి చూశాడు" అంది. ఏళ్ళ తరబడి రోజూ ఆ హాల్లోంచే నడిచాం, మాలో ఒక్కరికి తట్టలేదు.

బీచ్‌రోడ్_పొద్దున్న
నేను అవతలి కుర్చీలో కూచున్నవాణ్ణి, కాబట్టి నా మాట కూడా వినండి. రెండేళ్ళ క్రితం ఇదే ఊళ్ళో ఒక చోటికి వెళ్ళాను, పేరు చెప్పను. నాలుగు సార్లు వెళ్ళాను. ఆయన మంచాయనే, బాగా వినేవారు, కానీ ప్రతిసారీ "చెప్పండి, ఎలా ఉన్నారు" దగ్గర మొదలుపెట్టి నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పడమే, ఎక్కడికి వెళ్తున్నామో ఇంకా ఎన్నిసార్లు రావాలో ఎవరూ చెప్పలా, నేనూ అడగలా. అయిదోసారి వెళ్ళలేదు. ఒక్క ఫోన్ రాలేదండీ. ఆ నెల నేను ఉన్న స్థితికి నాకేమన్నా అయ్యుంటే వాళ్ళకి పేపర్లో చూస్తేనే తెలిసేది. బహుశా వాళ్ళ లెక్కలో నేను "నాలుగు సిట్టింగుల్లో బాగైపోయిన కేసు".

మేడమీద_ఆఫీసు
బీచ్‌రోడ్ గారూ, మీ పోస్ట్ చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మేం కూడా మానేసినవాళ్ళకి ఫోన్ చెయ్యం. "వాళ్ళకి ఇష్టం లేదేమో, వెంటపడితే బాగోదు" అనుకుంటాం.

పాత_పీజీ_మాస్టారు
అందరికీ నమస్కారం. నేను ముప్ఫయ్యేళ్ళు సైకాలజీ పాఠం చెప్పాను. ఇప్పుడు ప్రతిదానికీ స్కోర్లు, ఫారాలు వచ్చేశాయి. మనసేమన్నా పూర్ణా మార్కెట్లో బెండకాయలా, తక్కెట్లో వేసి తూచడానికి? నిజమైన థెరపిస్టుకి ఎదుటివాడి ముఖం చూస్తే తెలిసిపోతుంది నాయనా, మెరుగవుతున్నాడో దిగజారుతున్నాడో.

ఎంఫిల్_అయ్యాక_మిగిలింది
మాస్టారూ, మీరు నాకు గురువుతో సమానం, కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోలేను. 2005లో అమెరికాలో హానన్ అనే ఆవిడా ఆవిడ తోటివాళ్ళూ సరిగ్గా ఇదే చూశారు. 550 మంది క్లయింట్ల గురించి వాళ్ళ థెరపిస్టుల్నే అడిగారు, వీళ్ళలో ఎవరి పరిస్థితి చివరికి ఇంకా పాడవుతుందనుకుంటున్నారు అని. ముగ్గురి పేర్లు చెప్పారు. నిజంగా పాడైంది 40 మందికి, ఆ ముగ్గురిలో కరెక్టయింది ఒక్కటి. 2012లో ఇంకో స్టడీలో 129 మంది మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్స్‌ని "మీ తోటివాళ్ళతో పోలిస్తే మీరు ఎక్కడున్నారు" అని అడిగితే సగటుకంటే తక్కువ అన్నవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. నన్నడిగినా నేనూ అదే చెప్పేదాన్ని, మొహమాటం లేకుండా.

అయితే ముఖం చూడ్డం మానేసి ఫారం చూడమని కాదు నేననేది, ముఖం చెప్పనిది ఫారం ఒక్కోసారి చెప్తుంది. పీహెచ్‌క్యూ-9 అంటే డిప్రెషన్ ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 దాకా స్కోరు, ఎక్కువ వస్తే బాధ ఎక్కువని, నింపడానికి రెండు మూడు నిమిషాలు. ఈ వారం 18, వచ్చే వారం 17, ఆ పై వారం 19 అని వరసగా కనపడితే "బాగా మాట్లాడుకుంటున్నాం" అన్న నా భ్రమ దిగిపోతుంది.

వాల్తేరు_టు_లీడ్స్
దానికి తోడు ఇంకోటి. ఇక్కడ 2008లో ఐఏపీటీ అని మాటలతో చేసే థెరపీని జనానికి అందించే ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది, 2023 నుంచి ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్ అంటున్నాం. ఇందులో ప్రతి సెషన్‌కీ స్కోరు తీసుకుంటాం. మొదట్లో ఒకసారి, ఆఖర్న ఒకసారి అని పెట్టుకుంటే మధ్యలో మానేసినవాళ్ళకి ఆఖరి స్కోరే ఉండదు కదా, అప్పుడు లెక్కలో మిగిలేది చివరిదాకా ఓపిగ్గా వచ్చినవాళ్ళే. బీచ్‌రోడ్ గారు చెప్పింది అదే. ప్రతిసారీ తీసుకుంటే మానేసినాయన కూడా లెక్కలో ఉంటాడు, ఎంత స్కోరు దగ్గర వదిలేశాడో తెలుస్తుంది. పీహెచ్‌క్యూ ఆరు పాయింట్లు తగ్గితేనే ఇక్కడ నిజమైన మార్పు అంటాం, ఒకటి రెండు అటూ ఇటూ అయితే దాన్ని పట్టించుకోం.

కానీ మాస్టారి భయం ఉత్తిది కాదు. ఇక్కడ సగం మంది కోలుకోవాలి అని 50 శాతం టార్గెట్ ఉండేది. నేను ఇంతకుముందు చేసిన ఒక చోట నెలాఖరు వచ్చిందంటే కేసు గురించి మాట్లాడ్డం మానేసి అంకె గురించే మాట్లాడుకునేవాళ్ళం. స్కోరు "కోలుకున్నారు" అనే గీత కిందకి దిగిన వారం చూసి కేసు మూసేద్దామా అనే ఆలోచన వస్తుంది, రాకూడదు కానీ వస్తుంది. అంకెని జీతానికీ ర్యాంకుకీ కట్టేశారో, అయిపోయిందే.

పాత_పీజీ_మాస్టారు
40 మందిలో ఒక్కరా! సరే, అది నేను చదవలేదు, ఒప్పుకుంటాను. కానీ అమ్మా, ఇంకో ప్రశ్న. ఆ తొమ్మిది ప్రశ్నలు మన భీమిలి పక్క పల్లెలో ఒక ముసలమ్మకి ఇచ్చి చూడండి. "నిరాశ, నిస్పృహ" అని అచ్చు తెలుగులో ఉంటుంది. ఆవిడ అలా అంటుందా? "గుండెలో దడ, ఒళ్ళంతా మంట, ముద్ద దిగట్లేదు, పనిమీద చెయ్యి పోవట్లేదు" అంటుంది. నిస్పృహకి సున్నా పెట్టి ఇంటికెళ్ళిపోతుంది.

ఎంఫిల్_అయ్యాక_మిగిలింది
ఇది నిజం మాస్టారూ, నూటికి నూరుపాళ్ళు. మా దగ్గర పెద్దవాళ్ళకి ఫారం చేతికివ్వం, పక్కన కూచుని చదివి వినిపిస్తాం. ప్రశ్న ఉన్నదున్నట్టే చదివి, అర్థం కాకపోతే మళ్ళీ నెమ్మదిగా చదువుతాం. వాళ్ళు సొంత మాటల్లో చెప్పిన బాధ స్కోరు పక్కనే రాసుకుంటాం. ఒకావిడ "సంత నుంచి వచ్చినా బుట్ట దించబుద్ధి కావట్లేదు" అంది. తర్వాత ప్రతి వారం స్కోరుతో పాటు బుట్ట సంగతి కూడా అడిగేదాన్ని. బుట్ట ముందు దిగింది, స్కోరు తర్వాత తగ్గింది.

గాజువాక_గాలి
బుట్ట స్కేలు బావుందండోయ్, రిజిస్టర్ సేయించండి.

మేడమీద_ఆఫీసు
మూడు వారాలైంది, మళ్ళీ వచ్చాను. మీ మాటలు పట్టుకుని సార్‌ని ఒప్పించి ఒక ఆదివారం షట్టర్ వేసుకుని పాత ఫైళ్ళు 40 తీశాం. ముగ్గురు థెరపిస్టులూ, నేనూ. లీడ్స్ అక్కయ్య చెప్పినట్టు ఎవరి ఫైళ్ళు వాళ్ళు కాకుండా ఒకరివి ఒకరు చూడాలని పెట్టుకున్నాం, మొదటి గంట ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, తర్వాత పునుగులు తెప్పించాను.

దాచకుండా చెప్తున్నాను. సగానికి దగ్గరగా రెండోసారి రాలేదు. అది కాదు నన్ను కూలబడేసింది. మేం మొదటిరోజు పీహెచ్‌క్యూ ఫారం ఇస్తాం, వాళ్ళు హాల్లో కూచుని నింపి నాకే ఇస్తారు, నేను ఫైల్లో పెట్టి పంచ్ చేసి లోపలికి పంపుతాను. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండుననో, తనకి తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అనేది. ఒక ఫైల్లో దానికి 2 దగ్గర టిక్ ఉంది. లోపల నోట్స్‌లో దాని ఊసే లేదు. ఉద్యోగం, అప్పు, భార్యతో గొడవ అన్నీ రాసున్నాయి, ఇది లేదు. ఆ ఫారం మడత కూడా పోలేదండీ, నేను పంచ్ చేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. థెరపిస్టుకి అది లోపలుందని తెలీదు, నేను చూశాను కానీ అది చదవాల్సింది నేను కాదనుకున్నాను. అది నా చేతుల్లోంచే వెళ్ళింది.

వెంటనే ఫోన్ చేశాం. ఎత్తారు. బావున్నారు, వేరే డాక్టర్ దగ్గర మందులు వాడుతున్నారట. ఫోన్ పెట్టేశాక మెట్లమీద కూచుండిపోయాను.

బీచ్‌రోడ్_పొద్దున్న
మేడం, మీరు చేశారు చూశారా ఆ ఫోన్, రెండేళ్ళ కింద నాకు రాని ఫోన్ అదే. ఇంకేం అనలేను.

వాల్తేరు_టు_లీడ్స్
చెల్లీ, ఇది నీ తప్పు అనుకోకు, ఫారం ఎవరు చదవాలో ఎవరూ ఎప్పుడూ నిర్ణయించలేదు, అదీ తప్పు. నేను చెప్పిన టైప్ 1 అంటే ఇలాంటివే. మా దగ్గరయితే తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాకుండా ఏది టిక్ పెట్టినా ఆ మనిషి గడప దాటేలోగా థెరపిస్టు నోటితో అడగాలి, అడిగినట్టు నోట్స్‌లో ఉండాలి. అంతే, ఒక్క లైను రూలు.

ఎంఫిల్_అయ్యాక_మిగిలింది
అవును, ఇవాళే పెట్టెయ్యండి, దీనికి కమిటీ అక్కర్లేదు. ఇంకోటి, మీరు మూసేశాక రాత్రిపూట ఎవరికి చెయ్యాలో కాగితం మీద రాసివ్వండి. టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. మీ అపాయింట్‌మెంట్ కార్డు వెనకాల ప్రింట్ వేయించండి. ఎదురుగా ప్రమాదం కనపడుతుంటే మాత్రం ఫోన్ నంబర్ ఇచ్చి పంపెయ్యకూడదు, ఇంట్లోవాళ్ళని పిలిచి కేజీహెచ్ పెద్దాసుపత్రికో, పెద వాల్తేరు మెంటల్ హాస్పిటల్‌కో తోడుగా పంపాలి.

కోచింగ్_పిల్లాడి_అమ్మ
మధ్యలో దూరుతున్నాను సారీ. మా బాబు నీట్ కోచింగ్‌లో ఉన్నాడు. నీట్ కోచింగ్ అమ్మాయి చనిపోయిన మన వైజాగ్ కేసులోనే కదా 2025 జూలైలో సుప్రీంకోర్టు 15 గైడ్‌లైన్స్ ఇచ్చింది, 100 మంది గానీ ఆ పైన గానీ పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఒకరన్నా ఉండాలని. మా వాడి ఇన్‌స్టిట్యూట్‌లో అడిగితే "ఉన్నారండీ" అన్నారు, చూస్తే ఫిజిక్స్ సార్ గారి మరదలు, ఆవిడ అడ్మిషన్లు కూడా చూస్తారు. ఏం అడగాలి నేను?

ఎంఫిల్_అయ్యాక_మిగిలింది
అమ్మా, చదువేంటి, ఏ ట్రైనింగ్, ఎవరి పర్యవేక్షణలో చేస్తున్నారు అని అడగండి. తర్వాత "మా బాబు మీకు చెప్పింది మేనేజ్‌మెంట్‌కి వెళ్తుందా" అని అడగండి. అడ్మిషన్లు చూసే మనిషే కౌన్సెలర్ అయితే పిల్లాడు మనసు విప్పడు, విప్పినా అది ఎటు పోతుందో చెప్పలేం. రాతపూర్వకంగా అడగండి, అప్పుడు కాస్త సర్దుకుంటారు.

మేడమీద_ఆఫీసు
మళ్ళీ నేనే, రెండు నెలల తర్వాత. మానేసినవాళ్ళకి ఫోన్లు చేశాం. మా థెరపిస్టులు "కనెక్షన్ కుదరలేదేమో, రెసిస్టెన్స్ ఏమో" అని ఏవేవో అనుకున్నారు. అసలు కారణాలు వినండి. స్టీల్ ప్లాంట్ ఆయనకి బి షిఫ్టు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా డ్యూటీ, మా స్లాట్లు కూడా మధ్యాహ్నం నుంచి సాయంత్రం అయిదు దాకానే. ఒకావిడ మందులిస్తారనుకుని వచ్చారు, మాటలకి మళ్ళీ మళ్ళీ రావాలని తెలీదట. ఒకమ్మాయి చెప్పింది మాత్రం నేను జన్మలో ఊహించలేదు. మా వెయిటింగ్ కుర్చీలు కిటికీకి ఎదురుగా ఉన్నాయి, కింద రోడ్డుకి అవతల టిఫిన్ సెంటరు, అక్కడ వాళ్ళ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ టీ తాగుతూ తలెత్తి చూశాడట. అంతే, ఇక రాలేదు.

కుర్చీలు ఇటు తిప్పేశాం, కిటికీకి కర్టెన్ కట్టాం, ఖర్చు చాలా తక్కువ. పొద్దున్న ఎనిమిదికి ఒక స్లాట్ పెట్టాం. మొదటి సిట్టింగ్‌లోనే "సుమారు ఇన్నిసార్లు, నాలుగోసారి మళ్ళీ కూచుని చూసుకుందాం" అని చెప్తున్నాం. అన్నీ ఒకేసారి మార్చెయ్యకండి, ఏది పనిచేసిందో తెలీదు అని లీడ్స్ అక్క మొత్తుకుంది, మేం ఆత్రంలో మూడూ మార్చేశాం, ఇప్పుడు రెండోసారి వచ్చేవాళ్ళు పెరిగారు కానీ దేనివల్లో చెప్పమంటే చెప్పలేను.

సార్ ఫ్రేమ్ సంగతి మర్చిపోలేదు. ఎంఫిల్ మేడం వాళ్ళ ప్రాక్టీసూ మాదీ ఆరు నెలలకోసారి ఒకరిది ఒకరు చూసుకుందామని అనుకున్నాం, ఒక క్లయింట్‌ని కూడా కూచోబెట్టి.

బీచ్‌రోడ్_పొద్దున్న
ఆ క్లయింట్ కుర్చీ ఖాళీగా ఉంటే నేనొస్తాను. సీరియస్‌గానే అంటున్నా.

మేడమీద_ఆఫీసు
రాసుకున్నాను. బీచ్‌రోడ్ గారూ, మీకు పని ఇప్పుడే మొదలు. రానివాళ్ళకి చేసే ఫోన్‌లో నేను ఇలా అంటున్నాను: "నమస్తే అండీ, ఫలానా కౌన్సెలింగ్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నాం, మీరు పోయిన వారం రాలేదు, ఎలా ఉన్నారో కనుక్కుందామని." బావుందా?

బీచ్‌రోడ్_పొద్దున్న
ఫోన్ వాళ్ళ అత్తగారు ఎత్తితే?

మేడమీద_ఆఫీసు
...అయ్యో రామ.

బీచ్‌రోడ్_పొద్దున్న
మొదటిరోజే అడగండి, ఏ నంబర్‌కి చెయ్యాలి, ఏ టైమ్‌కి, వేరేవాళ్ళు ఎత్తితే ఏమని చెప్పాలి అని. సెంటర్ పేరు చెప్పకుండా మీ పేరు మాత్రం చెప్పండి. "ఉన్నారా అండీ, మళ్ళీ చేస్తాను" అని పెట్టెయ్యండి. ట్రూకాలర్‌లో మీ నంబర్ ఏమని పడుతుందో కూడా ఒకసారి చూసుకోండి.

మేడమీద_ఆఫీసు
చూశాను ఇప్పుడే. "మెంటల్ కౌన్సెలింగ్ మద్దిలపాలెం" అని పడుతోంది. రేపు పొద్దున్నే కొత్త సిమ్ తీసుకుంటున్నా.